మే వాన నేలకా, ఆవుకా?

మే నెలలో కోలారు నుంచి ముళబాగిలు వైపో శ్రీనివాసపురం వైపో బస్సెక్కితే కిటికీలోంచి ఎర్రటి చేలు కనిపిస్తాయి. మామిడి తోటలు, బోరు కింద టమాటా పక్కన పెడితే మిగతాదంతా బోడి నేల. డిసెంబరుకి రాగి కోత అయిపోతుంది, సంక్రాంతి దాటాక అనపకాయలు కూడా అయిపోతాయి. మళ్ళీ జులైలో రాగి వేసేదాకా ఆ నేలకి పని లేదు. సుమారు ఆరు నెలలు. సరిగ్గా ఆ నెలల్లోనే ఇంట్లో పశువులకి మేత కరువు. పొద్దున, సాయంత్రం సొసైటీకి పాలు పోసే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మన క్లాసులో చాలామందిమే ఉన్నాం. మన ఫీజుల్లో ఆ పాల డబ్బు ఎంతో కొంత ఉంటుంది. ఒకపక్క ఖాళీ చేను, ఇంకోపక్క ఖాళీ గాటిపాడు. ఈ రెంటినీ కలిపే పద్ధతి ఒకటుంది. దాని గురించే ఈ వ్యాసం.

వ్యవసాయ పుస్తకాల్లో దాన్ని ‘ఆచ్ఛాదన పంట’ అంటారు. మా నాయన కన్నడలో ‘హొదికె బెళె’ అంటాడు. హొదికె అంటే కప్పుకునే దుప్పటి. నేను ‘కప్పు పంట’ అనే రాస్తాను. గింజ కోసం కాకుండా, నేల బోడిగా ఉండకుండా కప్పి ఉంచడానికి వేసే పంట అని అర్థం. అలసంద, ఉలవ, పెసర, జనుము, సజ్జ, జొన్న ఇలా ఏదైనా కావచ్చు, కొన్ని కలిపి కూడా చల్లొచ్చు. ‘ఇది మన పెద్దవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే’ అని ఎవరో ఒకరు అంటారు. పూర్తిగా కాదు. రాగిలో అక్కడి సాళ్ళు పెట్టి అనప, ఆముదం, జొన్న, ఆవాలు వేయడం మనవాళ్ళ పద్ధతే, అది చాలా మంచి పద్ధతి కూడా. కానీ అది రాగితో పాటు పెరిగే పంట, గింజ కోసం వేసేది (పితికిపప్పు కోసం అని నా అభిప్రాయం). నేను చెప్పేది రాగికి ముందు, మే వానకి వేసే పంట గురించి.

మే వాన అని ఎందుకంటున్నానో చెప్పాలి. కోలారు జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 750 మిల్లీమీటర్లు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. ఆ వాన కూడా రెండు విడతల్లో ఎక్కువగా పడుతుంది. మొదటిది మే నెలలో, భరణి, కృత్తిక కార్తెల్లో ఉరుములతో వచ్చేది. రెండోది సెప్టెంబరు, అక్టోబరుల్లో. మన రాగి బతికేది రెండో విడత మీద. మొదటి విడత వానతో మనం దుక్కి దున్నుకోవడం తప్ప పెద్దగా ఏమీ చేయం. ఆ వాన బోడి నేల మీద గట్టిగా పడుతుంది. ఎర్రనేలకి ఒక గుణం ఉంది, చినుకు దెబ్బకి పైమట్టి చెదిరి, ఎండ రాగానే పొరలా బిగుసుకుపోతుంది. తర్వాతి వాన లోపలికి దిగకుండా పైపైనే పారి, మట్టిని కూడా వెంట తీసుకుపోతుంది. దిగిన కాస్త తేమా జులై దాకా నిలవదు, ఎండకీ గాలికీ ఆరిపోతుంది. అసలు ఆ నేల నిజంగా ఖాళీగా కూడా ఉండదు. ఒక వాన పడితే చాలు, వయ్యారిభామ లేస్తుంది. మా ఊళ్ళో కాంగ్రెస్ గడ్డి అంటారు. పశువు దాన్ని ముట్టదు. ఆకలికి ఎప్పుడైనా తింటే పాలు చేదెక్కుతాయి.

అదే వానకి అలసందో ఉలవో చల్లితే యాభై, అరవై రోజుల్లో నేలంతా కమ్ముకుంటుంది. చినుకు ఆకు మీద పడుతుంది, మట్టి మీద కాదు. కలుపు కింద అణగిపోతుంది. రాగి వేసే సమయానికి పంట తీసేయొచ్చు. మే నెలలో అలసంద, ఆ తర్వాత రాగి అనే వరస బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ ప్రాంతపు మెట్ట చేలకి చెబుతున్న జంట పంటల్లో ఒకటి.

ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. పేచీ జులైలో వస్తుంది. మోకాలెత్తు పచ్చగా ఉన్న ఆ పంటని ఏం చేయాలి? నేల బాగు కోరేవాళ్ళు దున్నేయమంటారు, పచ్చిరొట్ట ఎరువవుతుందని. ఇంట్లో ఆవు ఉన్న మనిషి ఆ మాట వింటుందా? మా అవ్వ అయితే ‘కసువుకి నేను గట్లెంబడి తిరుగుతుంటే, మీరు ఇంత పచ్చిమేత మట్టిలో కలిపేస్తారా’ అని పోట్లాటకి వస్తుంది. (కసువు అంటే మా వైపు గడ్డి. కోస్తా జిల్లాల్లో ఇదే మాటకి ఊడ్చేసే చెత్త అని అర్థం. మా అవ్వ ముందు ఆ అర్థం చెప్పకండి.) నన్నడిగితే అవ్వ పక్కనే నిలబడతాను. ఎండాకాలం చివర్లో మేత లేక ఆవుని సంతకి తోలే ఇంటికి, ‘నేల కోసం ఒక పంట వెయ్యి’ అని చెప్పడం ఎవరూ వినని మాట. విత్తనం కొనాలి, దున్నాలి, చేతికి ఏమీ రాదు. ఆవు తింటుందని తెలిస్తే మాత్రం ఆ విత్తనం తప్పకుండా నేలలో పడుతుంది. పొడి నేలల్లో కప్పు పంట నిలవాలంటే అది మేత పంట కూడా కావాలి. కానీ కొన్ని లెక్కలు సరిగ్గా చూసుకోవాలి.

మొదటి లెక్క ఆవు కడుపుది. మన ఇళ్ళల్లో వేసవి మేత అంటే వామిలోని రాగి గడ్డి. వరిగడ్డి కంటే ఇది మెరుగే. కానీ ఇందులో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు వంతులే ఉంటాయి. నెమరువేసే పశువు గడ్డిని తనంతట తాను అరిగించుకోదు, దాని పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు అరిగిస్తాయి. వాటికి మేతలో కనీసం నూటికి ఏడు వంతులైనా మాంసకృత్తులు ఉండాలి. లేకపోతే అవి నీరసపడతాయి, గడ్డి పొట్టలోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. పొట్ట నిండినట్టు కనిపిస్తుంది, ఆవు మాత్రం ఎండిపోతుంటుంది. ఇప్పుడు 400 కిలోల బరువున్న ఆవుని తీసుకోండి. దానికి రోజుకి తేమ తీసేసిన లెక్కన 10 నుంచి 12 కిలోల మేత కావాలి. 8 కిలోలు రాగి గడ్డి, 20 కిలోలు పచ్చి అలసంద వేశారనుకుందాం. పచ్చిమేతలో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి ఆ 20 కిలోలు ఎండితే 3 కిలోల పైచిలుకు మిగులుతుంది. అందులో మాంసకృత్తులు నూటికి 17 వంతులని పెట్టుకుంటే, రెండూ కలిసి మేత మొత్తం నూటికి ఏడు దాటుతుంది. గడ్డి ఒక్కటే పెట్టినప్పటికి ఇది రెండింతలు. పాలిచ్చే ఆవుకి ఇదే చాలదు, దాణా వేయాల్సిందే. కానీ ఆ పచ్చిమేత వల్ల వామిలో ఉన్న అదే గడ్డి బాగా అరుగుతుంది. అలసందలో నాకు బాగా నచ్చింది ఇదే.

రెండో లెక్క నేలది. ఆవు తినేస్తే నేలకి ఏం మిగిలింది? అనుకున్నంత తక్కువేమీ కాదు. ఆవు తిన్న నత్రజనిలో పాలకీ ఒంటికీ పట్టేది సుమారు నాలుగో వంతు. మిగతాదంతా పేడలోనూ మూత్రంలోనూ బయటికి వస్తుంది. పశువుని చేలోనే మేపితే అది అక్కడే పడుతుంది. మన వైపు రాత్రిపూట గొర్రెల మందని చేలో పెట్టించుకుని, కాపరులకి గింజలో డబ్బో ఇచ్చే పద్ధతి ఉంది కదా, అదంతా ఈ లెక్క మీద నడిచేదే. మేత కోసుకొచ్చి కొట్టంలో వేస్తే మాత్రం ఆ నత్రజని చేను దాటి ఇంటికి వచ్చేసినట్టు. మళ్ళీ పంపితేనే చేనుకి చేరుతుంది. పేడ దిబ్బకి వెళ్తుంది, అక్కడి నుంచి చేనుకి వెళ్తుంది, అది మనకి అలవాటే. పోయేది మూత్రం. కొట్టంలో పొద్దున్నే ముక్కుకి కొట్టే ఘాటు ఉంటుందే, అది నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోయే వాసన. ఆవుల కింద ఎండుటాకులో రాగి పొట్టో పరిచి, తడిసినదాన్ని రోజూ దిబ్బలో వేస్తే చాలావరకు దక్కుతుంది. కప్పు పంట వేసి, మేత కోసుకొచ్చి, మూత్రాన్ని మోరీలోకి వదిలేస్తే నేలకి ఆ ఏడాది నష్టమే. ఈ పని చేసేది ఎవరంటారా? కొట్టం ఊడ్చేవాళ్ళు. అంటే మన అమ్మలే. కప్పు పంట గురించి రైతు సమావేశాలు పెట్టేవాళ్ళు ముందు వరసలో మగవాళ్ళని కూర్చోబెట్టి చెబుతుంటారు, సగం పని కొట్టంలో ఉందని వాళ్ళకి ఎవరు చెప్పాలి?

కోసే తీరు కూడా ముఖ్యమే. నేల మట్టానికి గీకినట్టు కోస్తే మళ్ళీ బోడి నేలే. జానెడు మొదళ్ళు, రాలిన ఆకు, వేళ్ళు వదిలేయాలి. సగం నీకు, సగం నాకు అని నేలతో ఒప్పందం చేసుకున్నట్టు. మేపేటప్పుడు వాన పడి బురదగా ఉన్న చేలోకి పశువుని తోలకూడదు, డెక్కల కింద మట్టి ఇటుకలా అణుగుతుంది.

మూడో లెక్క నీళ్ళది, ఇదే అన్నిటికంటే నాజూకైనది. పంట ఏదైనా నీళ్ళు తాగుతుంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు పడమటి మైదానాల్లో గోధుమకి ముందు నేలని కొన్ని నెలలు కావాలనే ఖాళీగా ఉంచుతారు, వాన నీటిని మట్టిలో దాచుకోవడానికి. అక్కడ ఆ ఖాళీలో కప్పు పంట వేసి చూస్తే, వాన తక్కువైన ఏళ్ళలో తర్వాతి గోధుమ దిగుబడి తగ్గింది. ఆ పంటని మేతగా వాడుకుంటే మాత్రం ఆ నష్టం పూడ్చుకునే వీలు దొరికింది. మన ఎర్రనేలలు అంత లోతు కావు, మే వానని జులై దాకా దాచుకునే శక్తి వాటికి తక్కువ. ఎలాగూ ఆరిపోయే నీటిని అలసంద తాగితే మనకి పోయేది కొంచెమే. కానీ పంటని ఆపాల్సిన రోజున ఆపాలి. రాగి విత్తడానికి రెండు వారాలు ముందే కోసేయాలి, మధ్యలో ఒక వానైనా నేలలోకి దిగాలి. ‘ఇంకో పది రోజులు మేత వస్తుంది కదా’ అని ఉంచితే, ఆ పది రోజుల నీళ్ళు రాగి మొలకవి. మే నెలలో వాన రాకుండా జూన్ మధ్యలో వస్తే, అలాంటి ఏడాది ఈ పంట జోలికి పోకపోవడమే మంచిదని నా ఉద్దేశం. లేదంటే చేనంతా కాకుండా ఒక మూల వేసుకోవచ్చు. తిండి గింజ రాగి, దాన్ని పణంగా పెట్టి మేత పండించకూడదు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. కప్పు పంటల మిశ్రమంలో జొన్న కలపమని చాలామంది చెబుతారు, త్వరగా ఎత్తు పెరిగి ఎక్కువ మేత ఇస్తుంది కాబట్టి. లేత జొన్నలో విషం ఉంటుంది. తెలుగు పల్లెల్లో దీనికి పేరే ఉంది, ‘నాము’. మోకాలెత్తు కూడా రాని జొన్న, వాన లేక వాడిన జొన్న, కోసిన మొదళ్ళ నుంచి వాన పడ్డాక మళ్ళీ చిగిర్చిన జొన్న, ఈ మూడూ ప్రమాదమే. ఆ లేత ఆకుల్లో ఉండే ఒక పదార్థం పశువు నమిలినప్పుడు విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లం పుడుతుంది. పశువుకి ఊపిరి ఆడదు, రొప్పుతుంది, నురగ కక్కుతుంది, తూలి పడిపోతుంది. నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. వెంటనే పశువుల డాక్టరు వచ్చి థయోసల్ఫేట్ ఇంజెక్షన్ వేస్తే బతికే అవకాశం ఉంది. మన ఊళ్ళకి డాక్టరు వచ్చేసరికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. ఆకలి మీదున్న పశువు గబగబా మేస్తుంది కాబట్టి దానికి ప్రమాదం ఇంకా ఎక్కువ. కరువు ఏడాదిలో జొన్న వాడిపోతుంది, పశువు ఆకలితో ఉంటుంది, రెండూ ఒకేసారి. పూత వచ్చిన తర్వాత కోస్తే భయం ఉండదు, కోసి బాగా ఎండబెడితే విషం తగ్గుతుంది. అయినా మొదటిసారి వేసేవాళ్ళు జొన్న బదులు సజ్జ కలుపుకుంటే నయం. సజ్జకి నాము లేదు. ఇంకొకటి, తడి తడిగా ఉన్న పచ్చి పప్పుజాతి మేతని పరగడుపున ఒక్కటే వేస్తే పొట్ట ఉబ్బే ప్రమాదం ఉంది. ముందు కాస్త ఎండుగడ్డి వేసి ఆ తర్వాత పచ్చిది వేయాలి. ఇది అవ్వలందరికీ తెలిసిందే.

ఇన్ని లెక్కలు చూసుకున్నా, ఒక చిక్కు ఒంటరి రైతు చేతిలో లేదు. కోతలయ్యాక చేలన్నీ ఊరందరివీ అన్నట్టు ఉంటాయి. ఎవరి మేకలైనా ఎవరి చేలోనైనా తిరుగుతాయి. ఊరంతా ఎర్రగా ఉన్న మే నెలలో ఒక్క చేను పచ్చగా ఉంటే చుట్టుపక్కల మేకలన్నీ ఎక్కడికి పోతాయో చెప్పనక్కర్లేదు. మేకల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. వాటికి వేరే చోటు లేకుండా పోయింది. కర్ణాటక భూ రెవెన్యూ నియమాల ప్రకారం ప్రతి ఊళ్ళో నూరు పశువులకి 12 హెక్టార్ల చొప్పున గోమాళం ఉంచాలి. కాగితం మీద ఉన్న గోమాళాల్లో చాలావాటి మీద ఇప్పుడు వేరే ఏవో ఉన్నాయి, లేదంటే జాలి కంప పెరిగి ఉంది. కాబట్టి కావలి కాయాలి. కావలి ఎవరు కాస్తారు? సెలవులకి ఇంటికొచ్చిన ఆడపిల్ల. నేను రెండు వారాలు కాశాను, ఒక నవల పూర్తయింది, ఎండకి మొహం మాడింది. దాని గురించి ఫిర్యాదు లేదు గానీ, ఒక పద్ధతి నిలవాలంటే అది ఒక పిల్ల సెలవుల మీద ఆధారపడకూడదు. పక్కపక్కనే ఉన్న నాలుగైదు చేలవాళ్ళు ఒకేసారి వేస్తే మేకలు ఒక్కచోటే పడవు, కావలి వంతులవారీగా కాయొచ్చు. మేకలున్న ఇంటికి కూడా కోసిన మేతలో కొంత వాటా ఇస్తే వాళ్ళే కావలి కాస్తారు.

ఇలా కలిసి వేసేవాళ్ళని చూడాలంటే సరిహద్దు దాటితే చాలు. కోలారు కంటే ఎండు ప్రాంతమైన అనంతపురం వైపు రైతు సాధికార సంస్థ వాళ్ళ ప్రకృతి వ్యవసాయంలో వానలకి ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లుతున్నారు. పేరుకి తొమ్మిది గానీ చాలా చోట్ల అంతకంటే ఎక్కువ రకాలే కలుపుతారు. విత్తనాలకి బంకమట్టి, ఘనజీవామృతం, బూడిద లాంటివి పట్టించి గుళికల్లా చేస్తారు, వాన వచ్చేదాకా చీమలూ పిట్టలూ తినకుండా, ఎండకి పాడవకుండా. తడి తగలగానే మొలుస్తాయి. పెరిగినదాంట్లో కొంత పశువులకి కోసుకుని, మిగతాది నేలకి వదులుతారు. మా అవ్వకీ పుస్తకాలవాళ్ళకీ మధ్య ఉన్న పేచీకి వాళ్ళు తీర్పు చెప్పలేదు, చేలోనే పంచేశారు.

కోస్తాలో కూడా ఇలాంటిదే ఒకటుంది, కాకపోతే అది తడి నేలల కథ. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకి కొంచెం ముందు, నిలబడి ఉన్న వరిలోనే పిల్లిపెసర చల్లుతారు. వరి కోశాక ఆ తేమ మీద అది పరుచుకుంటుంది. పశువులు మేస్తాయి, మిగిలింది దున్నేస్తారు. అక్కడ ఎప్పటినుంచో ఉన్న అలవాటు అది. పేరులో పిల్లి ఎందుకొచ్చిందో మన మేడం గారిని అడగాలి.

విత్తనం సంగతి. అలసందని మేత కోసం పూత, పిందె దశలో కోసేస్తాం కాబట్టి విత్తనం మిగలదు. చేను చివర నాలుగు సాళ్ళు కోయకుండా వదిలేస్తే కాయ ఎండి, వచ్చే ఏడాదికి సరిపడా గింజ వస్తుంది. ఆ నాలుగు సాళ్ళలో రాగి కొంచెం ఆలస్యంగా వేసుకోవాలి, అంతే. ఉలవకి ఇది పనికిరాదు. పగలు పొడుగ్గా ఉండే నెలల్లో ఉలవ తీగ సాగుతుంది గానీ కాయ మీదికి సరిగ్గా రాదు. మేతకి అది మేలే, ఆకు ఎక్కువొస్తుంది. ఉలవ విత్తనం కావాలంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో మిట్ట చేలో విడిగా వేసుకున్న పంట నుంచి తీసి, బూడిద కలిపి కుండలో దాచిపెట్టి, మే వాన దాకా ఉంచాలి. చారు కాచుకోగా మిగిలితే.